నలభైమందిలో నవనీత

ఇంటర్వ్యూ గదిలోంచి వచ్చిన ప్రణతి ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి, యూనివర్సిటీ క్యాంటీను వెనక నల్లా దగ్గర మొహం కడుక్కుంది. తల్లి ఇందిర వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. ఆమె అదే యూనివర్సిటీలో ప్రొఫెసరు. మనిషి మెదడు కంప్యూటరుతో కలిసి ఎలా పనిచేస్తుందన్నది ఆమె పరిశోధన.

"ఏమన్నరు?"

"ఏమంటరు, ఎప్పుడనేదే. ఏఐ రాసిన ప్రోగ్రాం ముందల పెట్టి తప్పెక్కడుందో పట్టుమన్నరు. నాకు అన్నీ కరెక్టే అనిపించినయ్." ప్రణతి చున్నీతో మొహం తుడుచుకుంది. "నేను నాలుగేండ్లు చదివింది అది నాలుగు సెకన్లల చేస్తది. ఇగ నేనెందుకమ్మా వాళ్లకు?"

హన్మకొండ చుట్టుపక్కల ఏ కాలేజీలో విన్నా ఇదే మాట. కంపెనీలు రావడం తగ్గించాయి. వచ్చినవి కూడా పని చేసేవాళ్లను కాదు, యంత్రం చేసిన పనిలో లొసుగు పట్టగలిగేవాళ్లను అడుగుతున్నాయి. అది పుస్తకంలో దొరికే విద్య కాదు. ఏళ్ల తరబడి తప్పులు చేసి, చివాట్లు తింటే తప్ప ఒంటికి పట్టదు. ఈ పిల్లలకు అన్నేళ్లు ఎవరిస్తారు?

ఆ విద్య పట్టుబడిన అమ్మాయి ఒకతె ఇందిరకు తెలుసు. పేరు నవనీత. ఆమె దగ్గరే పరిశోధన చేసింది. యంత్రం పేజీలకు పేజీలు జవాబిస్తే, నవనీత కాసేపు చూసి, అన్నిటికంటే నున్నగా ఉన్నచోటే వేలు పెట్టి "ఇక్కడ కుట్టు వదులున్నది మేడం" అనేది. నిజంగానే ఉండేది. ఆమె తల్లి బ్లౌజులు కుడుతుంది. తల్లి కుట్టిన ప్రతి బ్లౌజునూ తిరగేసి లోపలి కుట్లు చూడటం చిన్నప్పటి నుంచీ నవనీత పని. అదే చూపుతో ఆమె యంత్రాన్నీ చూసేది. అలా చూస్తున్నప్పుడు ఆమె మెదడులో ఏం జరుగుతుందో ఇందిర నెలల తరబడి రికార్డు చేసింది. నవనీత సంతోషంగా ఒప్పుకుంది. ఆ తర్వాత వానాకాలంలో డెంగ్యూ వచ్చి, వారం తిరక్కుండానే చనిపోయింది. రికార్డులు ల్యాబులో ఉండిపోయాయి.

వాటితోనే ఇందిర చూపుకు పదును పెట్టే పరికరం, 'సాన', తయారుచేసింది.

చూడటానికి అది క్రికెట్ ఆడేవాళ్లు పెట్టుకునే టోపీలా ఉంటుంది. లోపల సన్నటి తీగలు. మొదట పెట్టుకోవడానికి ముందుకొచ్చినవాడు ఓంకార్. సిరిసిల్ల నుంచి వచ్చిన కుర్రాడు. తండ్రి మరమగ్గం నడుపుతాడు, తల్లి రాజమణి బీడీలు చుడుతుంది. క్లాసులో అందరికీ ముద్దుపేర్లు పెట్టేది అతనే. ఇందిరకు కూడా 'టోపీ మేడం' అని పెట్టాడు.

"పిచ్చి లేస్తదా మేడం? లేస్తే ముందే చెప్పుండ్రి. మా అమ్మ ఇప్పటికే లేసిందనుకుంటున్నది" అన్నాడు టోపీ సర్దుకుంటూ.

"నోరు మూసుకొని స్క్రీను చూడు."

స్క్రీను మీద యంత్రం రాసిన జవాబు వస్తోంది. ఓంకార్ చదువుకుంటూ పోతున్నాడు. నవనీత అయితే ఎక్కడ ఆగేదో అక్కడ టోపీ అతని తలలో చిన్న అలజడి రేపింది. చీమ పాకినట్టనిపించి అతని కళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎందుకు ఆగాడో అతనికి తెలియలేదు. రోజూ మధ్యాహ్నం ఒక గంట ఇదే పని. కొన్ని వారాలు గడిచాక ఓ రోజు ఓంకార్ కనుబొమలు ముడిచి, "మేడం, గిక్కడ తేడా కొడుతున్నది" అన్నాడు. తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

ఇందిర అతని తల మీది టోపీని ఆ రోజు ఆన్ చేయలేదు.

కబురు యూనివర్సిటీ అంతా పాకింది. వైస్ ఛాన్స్‌లర్ స్వయంగా వచ్చి చూసి, చివరి సంవత్సరం పిల్లలు నలభైమందికి టోపీలు చేయించమన్నాడు. ల్యాబు ముందు వరస కట్టినవాళ్లలో ప్రణతి కూడా ఉంది. కూతుర్ని చూసి ఇందిర ఒక్క క్షణం తటపటాయించింది.

"అందరి పిల్లలకు మంచిదైతే నాకు కాదా?" అంది ప్రణతి.

ఇందిర ఒక టోపీ తీసి కూతురి చేతికిచ్చింది.

*

ఒక ఆదివారం పొద్దున ఇంట్లో ఇందిర చీర మడత పెడుతుంటే ప్రణతి ఆ చీర అంచు పట్టుకుంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య అంచును జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

"ఫాల్ ఊడొస్తున్నది. ఇటియ్యి."

సూదీ దారం ఎక్కడున్నాయో వెతికి తెచ్చి, కింద కూర్చుని, కాలి వేళ్ల మధ్య చీరను బిగించి, చకచకా కుట్టేసింది. చివర దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది.

పేపరు చదువుతున్న తండ్రి సత్యం తలెత్తి చూశాడు. ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాడు. "నీకు కుట్టుడు ఎప్పుడొచ్చిందే? మొన్నటిదాంక నా గుండీ కుట్టుమంటే నువ్వు నన్ను ఫ్యాషన్ డిజైనర్‌ను చేయలే నాన్నా అంటివి."

ప్రణతి చేతిలోని సూదిని చూసుకుంది. అది తన చేతిలోకి ఎలా వచ్చిందా అన్నట్టు చాలాసేపు చూసింది.

"ఏమో నాన్నా" అంటూ లేచి, భుజం మీద నుంచి జడను వెనక్కి విసిరింది.

ఆమెకు జడ లేదు. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని రెండేళ్లయింది.

సత్యం నవ్వాడు. ఇందిర నవ్వలేదు. మోకాళ్ల దాకా వేలాడే జడ ఎవరిదో ఆమెకు తెలుసు. పని చేసేటప్పుడు అది అడ్డమొచ్చి, నవనీత రోజుకు ఎన్నోసార్లు అలాగే వెనక్కి విసిరేది.

మర్నాడు ఇందిర ల్యాబులో అందరికంటే వెనక నిలబడింది. నలభైమంది స్క్రీన్ల ముందు వంగి ఉన్నారు. ఎవరికీ టోపీలు లేవు. వాటి అవసరం తీరిపోయి చాలా రోజులైంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఇంతలో నలభైమందీ ఒకేసారి తలలు పక్కకు వంచి, లేని జడలను వెనక్కి విసిరారు. అబ్బాయిలు కూడా. నున్నగా క్రాపు కొట్టించుకున్న ఓంకార్ కూడా.

పనికి సంబంధించినదే తీసుకున్నానని, మిగతాదంతా వడపోశానని ఇందిర గట్టిగా నమ్మింది. కానీ నవనీతలో పని వేరుగా, నవనీత వేరుగా ఎక్కడున్నారు? తప్పును పట్టే ఆ చూపు తల్లి కుట్టు మిషన్ పక్కన పుట్టింది. దాన్ని పెకిలించి తెస్తే చుట్టూ ఉన్న మట్టి కూడా వచ్చింది.

అప్పుడే ఆపేయవలసింది. కానీ హైదరాబాదు నుంచి పెద్ద కంపెనీ ఒకటి ఆ నెలలోనే వస్తోంది. పిల్లలందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. ఉద్యోగాలు రానీ, ఆ తర్వాత చూద్దాం అనుకుంది. టోపీ పెట్టడం మానేశాం కదా, మెల్లగా అదే చెరిగిపోతుందిలే అని తనకు తానే చెప్పుకుంది.

ఓంకార్ ఇప్పుడు ఎవరికీ పేర్లు పెట్టడం లేదు.

*

ఆ వారంలోనే ల్యాబు గుమ్మం దగ్గర ఒకామె చెప్పులు విడిచి నిలబడింది. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది, తీయడం మరిచిపోయినట్టు. ఇందిర ఆమెను ఒకే ఒక్కసారి చూసింది, నవనీత దహనం నాడు. నవనీత తల్లి, స్వరూప.

"లోపలికి రండి. కూసోండి."

"కూసునుడు తర్వాత మేడం. మీ పిల్లలు నా దుకాణానికి ఎందుకొస్తున్నరు? ముందు గది చెప్పుండ్రి."

"మా పిల్లలా?"

"మెడల మీ యూనివర్సిటీ కార్డులున్నయి. మొదలు ఒక పిల్లగాడు వచ్చిండు. గుండీ కుట్టిచ్చుకుంటడేమో అనుకున్న. ఏం గావాలె బిడ్డా అంటే, 'ఏమో ఆంటీ, ఇటు రావాలనిపించింది' అన్నడు. స్టూలు ఉండంగ పోయి బట్టల మూట మీద కూసున్నడు. అది నా నవ్య, మీ నవనీత, కూసునే జాగ. నేను మిషన్ తొక్కుతుంటే బాబిన్‌ల దారం అయిపోయింది. నేను నోరు తెరవకముందే కొత్తది తీసి చేతుల పెట్టిండు." స్వరూప మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. "బాబిన్లు పాత పౌడరు డబ్బల ఉంటయి మేడం. అండ్ల ఉంటయని నాకు తెలుసు, నా బిడ్డకు తెలుసు. ఇంకెవ్వరికి తెల్వదు."

"తర్వాత?"

"తెల్లారి ఇద్దరు ఆడిపిల్లలు వచ్చిండ్రు. గట్ల పెరుగుతనే ఉన్నరు. ఒకరికొకరు మాట్లాడుకోరు. వచ్చి కూసుంటరు, హుక్కులు కుడుతరు, కాజాలు తీస్తరు, పోతరు. నేను తిట్టిన, తలుపేసిన. గడప మీద కూసున్నరు." ఆమె ఇందిర దగ్గరగా వచ్చింది. "నవ్య మీ దగ్గర తల మీద ఏదో పెట్టుకుంటుండె. నాకు చెప్పింది. మేడం, నిజం చెప్పుండ్రి. నా బిడ్డను ఎంతమందిల పెట్టిండ్రు?"

అబద్ధం చెప్పడానికి ఇందిరకు నోరు రాలేదు.

"నలభైమందిలో."

స్వరూప ఉన్నచోటే కింద కూర్చుండిపోయింది. అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని ఇందిర అనుకుంది. ఆమె అలాంటిదేమీ చేయలేదు. ఇంతే అడిగింది.

"వాళ్లకు నొప్పి అయితదా?"

"లేదు."

"నవ్యకు?"

స్వరూప లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు తొడుక్కుంది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వాళ్లను రావద్దని చెప్పకుండ్రి మేడం" అంది మెల్లగా. "రానియ్యుండ్రి."

*

కంపెనీ వాళ్లు వచ్చారు. నలభైమందికీ వేర్వేరు గదుల్లో పరీక్ష పెట్టారు. సాయంత్రం వాళ్ల తరఫు అధికారి, కళ్లజోడు పెట్టుకున్న ఒక నడివయసు మనిషి, ఇందిర గదికి వచ్చాడు. మొహంలో సంతోషమూ ఉంది, ఇంకేదో బెరుకూ ఉంది.

"మేడం, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇలాంటి పిల్లల్ని చూడలేదు. ఒక్కరిక్కూడా వంక పెట్టలేం."

"చాలా సంతోషం. ఎంతమందిని తీసుకుంటున్నారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకరిని."

"ఒక్కరినా? నలభైమందీ బాగా చేశారన్నారుగా!"

"బాగా చేశారు. అందరూ ఒకేలా చేశారు. పట్టుకున్న తప్పులు ఒకటే. వదిలేసిన తప్పు కూడా ఒకటే, అందరూ ఒకేచోట వదిలేశారు. మీకు ఉద్యోగం ఎందుకు కావాలని అడిగాం. 'అమ్మకు కండ్లు కనపడుతలేవు, సూదిల దారం ఎక్కుతలేదు' అని చెప్పారు మేడం, నలభైమంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుందనే కదా పదిమందిని పెట్టుకునేది? మీ దగ్గర నలభైమంది లేరు. ఒక్కరే ఉన్నారు. మాకు ఆ ఒక్కరు చాలు."

పేర్లు వేసి చీటీ తీశారు. ఓంకార్ పేరు వచ్చింది.

ఆ రాత్రి ఇందిరకు నిద్ర లేదు. పిల్లల మెదళ్ల నుంచి తీసిన కొత్త కొలతలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. టోపీ తీసేశాక నవనీత ముద్ర చెరగడం లేదు, పెరుగుతోంది. కాలిబాట మీద నడిచిన కొద్దీ అది వెడల్పయినట్టు, నవనీతలా ఆలోచించిన ప్రతిసారీ ఆ దారి ఇంకాస్త విశాలమవుతోంది. పక్కనున్న వాళ్ల సొంత దారులు గడ్డి మొలిచి మూసుకుపోతున్నాయి.

ఒకే ఒక్క ఆశ ఉంది. టోపీ పెట్టకముందు ప్రతి ఒక్కరి మెదడునూ ఒకసారి రికార్డు చేసింది. దాన్ని ఆధారం చేసుకుని, అదే టోపీతో వెనక్కి నడిపించవచ్చు. కానీ ఆలస్యం చేస్తే అదీ కుదరదు.

ఉదయం పిల్లలందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. క్షమించమని అడిగింది. వాళ్లు కోప్పడలేదు. ఒకే రకంగా తలలు వంచుకుని విన్నారు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. టోపీ మళ్లీ పెట్టుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

ఓంకార్ ఒక్కడే మాట్లాడాడు. "నాకు కొలువొచ్చింది మేడం. ఇప్పుడు తీసేస్తే కొలువు పోతది. ఇంట్ల ఏం చెప్పాలె?"

"తీసేయకపోతే నువ్వు నువ్వుగా ఉండవు ఓంకార్."

"నేను నేనుగ ఉన్నప్పుడు ఎవ్వరు పిలవలే మేడం" అన్నాడు అతను. ఆ సాయంత్రమే హైదరాబాదు బస్సెక్కాడు. ఇరవై రెండేళ్ల మనిషిని ఆపే హక్కు ఎవరికీ లేదు.

ప్రణతి కూడా ఒప్పుకోలేదు. ఇంట్లో తలుపు దగ్గర నిలబడి, తల్లి కళ్లలోకి చూడకుండా అంది. "తీసేస్తే నేను మళ్ల ఏం రానిదాన్నే అయిత. ఇట్లనే ఉండనియ్యి." మర్నాడు మధ్యాహ్నానికి ఆమె ఇంట్లో లేదు. ఫోను ఎత్తలేదు. ఎక్కడికి వెళ్లి ఉంటుందో ఇందిరకు తెలుసు.

*

స్వరూప దుకాణం హన్మకొండ పాత బస్తీలో ఇరుకు సందు చివర ఉంది. ఎండ నిలువునా పడుతోంది. సందంతా నిశ్శబ్దం. దుకాణం ముందు చెప్పులు కుప్పగా పోసినట్టున్నాయి.

ఇందిర తలుపు దగ్గర నిలబడిపోయింది. చిన్న గదిలో, వసారాలో, లోపలి వంటగది గుమ్మం దాకా పిల్లలే. మోకాళ్లు ఒకరికొకరు ఆనించుకుని కూర్చుని కుడుతున్నారు. ఎవరి చేతిలో పడ్డ గుడ్డ వాళ్లు. సూదులన్నీ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. దారాలు లాగే చప్పుడు ఒక్కటిగా, సన్నగా ఊపిరి తీసినట్టు వినిపిస్తోంది. మధ్యలో స్వరూప మిషన్ ముందు కూర్చుని ఉంది. తొక్కడం లేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని వాళ్లనే చూస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవుల మీద చిరునవ్వు ఉంది.

ప్రణతి మూడో వరసలో ఉంది.

"ప్రణతీ" అని పిలిచింది ఇందిర.

ఎవరూ తలెత్తలేదు.

"ప్రణతీ! ఇంటికి పోదాం రా."

సూదులు లేచాయి, దిగాయి. ఇందిర వాళ్ల మధ్యలోంచి వెళ్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. ప్రణతి ఆమెను మర్యాదగా చూసింది, కొలతలివ్వడానికి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు.

"ప్రణతీ, నేనే. అమ్మను."

"అమ్మ అక్కడుంది కదా మేడం" అంది ప్రణతి, స్వరూప వైపు చూపిస్తూ.

ఇందిర కూతురి చేయి పట్టుకుంది. స్వరూప మొహంలో చిరునవ్వు ఆగిపోయింది. ఆమె లేచి నిలబడి, సరిగా వినిపించీ వినిపించనట్టు, "నవ్యా" అంది.

అన్ని తలలూ ఒక్కసారి లేచాయి. అన్ని కళ్లూ ఆమె మీదే నిలిచాయి.

"ఏందమ్మా?" అన్నాయి అన్ని గొంతులూ కలిసి.

స్వరూప ఆ కళ్లను చూసింది. తర్వాత నేల మీద కూతురి చేయి పట్టుకుని కూర్చున్న ఇందిరను చూసింది.

"లేవుండ్రి" అంది చివరికి. "గుడ్డలు కింద పెట్టుండ్రి. మేడంతోని పోయి, ఆమె చెప్పినట్టు చెయ్యుండ్రి."

"అమ్మా, పని అయిపోలే" అన్నారు వాళ్లు.

"అయిపోయింది బిడ్డా. ఇగ చాలు." ఆమె ఒక్కొక్కరి చేతిలోంచి సూది తీసుకుంటూ వచ్చింది. చివరి సూది ప్రణతిది. అది తీసుకుని, ఆ పిల్ల తల మీద చేయి వేసి, వెంటనే తీసేసింది. "నా దుఃఖం నాది మేడం. మీ పిల్లను మీరు తోల్కపోండ్రి."

*

వెనక్కి నడిపించడానికి రెండు నెలలు పట్టింది. రోజూ స్వరూప వచ్చి ల్యాబు మూలన కూర్చునేది. ఆమె ఉంటేనే పిల్లలు టోపీ పెట్టనిచ్చేవారు. ఒక్కొక్కరూ ఆమెను చూసే చూపు రోజురోజుకీ మారిపోతుంటే, ఆమె నిశ్చలంగా చూస్తూ ఉండేది. చివరి టోపీ తీసిన రోజున ప్రణతి ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆంటీ, మీ దుకాణానికి వచ్చింది నాకు యాదికున్నది. ఎందుకొచ్చిన్నో తెల్వదు" అంది ఇబ్బందిగా.

"మంచిదే బిడ్డా" అంది స్వరూప.

ఆ రోజే ఇందిర నవనీత రికార్డులు ఏం చేయమంటారని ఆమెను అడిగింది. తీసేయమంది. ఒక్క కాపీ కూడా లేకుండా తీసేశాక, ఇద్దరూ కలిసి చాయ్ తాగారు.

ల్యాబు మూసేశారు. ఇందిర మీద విచారణ జరిగింది. ఆమె ఏదీ దాచలేదు. ప్రణతికి తప్పులు పట్టే చూపు పోయింది. స్క్రీను ముందు కూర్చుని, "నిన్నటిదాంక ఇక్కడనే ఉండె అమ్మా, దొరుకుతలేదు" అని చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత మొదటి నుంచి, తన పద్ధతిలో, నత్తనడకన నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమె పట్టిన మొదటి తప్పు నిజానికి తప్పే కాదు. అయినా సత్యం ఆ రోజు మిఠాయి తెచ్చాడు. ఆమెలో అన్నీ తిరిగి రాలేదు. పూర్వం పగలబడి నవ్వేది. ఇప్పుడు సత్యం ఏదైనా జోకు చెప్పి, ఆ నవ్వు కోసం కాసేపు ఎదురుచూసి, మళ్లీ పేపరులో తల దూర్చేవాడు.

ఓంకార్‌కు ఇందిర ఎన్నో మెసేజీలు పెట్టింది. జవాబు లేదు.

ఒక ఆదివారం సిరిసిల్ల నుంచి రాజమణి హన్మకొండకు వచ్చింది. ఇందిర ఆమెను వెంటబెట్టుకుని స్వరూప దుకాణానికి తీసుకెళ్లింది. రాజమణి గోడకు ఆనుకుని కూర్చుంది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి.

"నా కొడుకు నాకు ఫోన్ చేయడు అక్కా. నేను చేస్తే ఎవరు మీరు అంటడు. జీతం మాత్రం పంపుతున్నడంట, అది కూడా నాకు కాదు, మీ పేరు మీద. వానికి నేనేం తప్పు చేసిన?"

"మీరేం చేయలే చెల్లె" అంది స్వరూప. "నేను ఒక్క పైస ముట్టలే. ప్రతి ఆదివారం ఇదే టైముకు వాడు నాకు ఫోన్ చేస్తడు. నేను ఎత్తుతలేను. ఎత్తితే నవ్యా అనకుండ ఆగలేనేమో అని."

ఆమె మాట పూర్తికాకుండానే మిషన్ మీదున్న ఫోను మోగింది. ముగ్గురూ దాన్ని చూశారు. మోగుతూనే ఉంది. రాజమణి చేతులు జోడించింది. స్వరూప ఫోనెత్తి స్పీకరు నొక్కింది.

"అమ్మా" అంది అవతల మగ గొంతు. మాట తీరు మాత్రం మగవాడిది కాదు. స్వరూప కళ్లు మూసుకుంది. "బువ్వ తిన్నవా అమ్మా? సూదిల దారం ఎక్కుతున్నదా?"

"తిన్న" అంది స్వరూప. "నువ్వు తిన్నవా, ఓంకార్?"

అవతల ఎక్కడో దూరంగా బండ్ల చప్పుడు. తర్వాత ఆ గొంతు నిజంగానే తెలియక అడిగింది.

"ఓంకార్ ఎవరమ్మా?"

రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇందిర తల దించుకుంది. స్వరూప ఫోను పెట్టేస్తుందేమో అనుకున్నారు. ఆమె పెట్టలేదు. పక్కకు జరిగి, రాజమణికి చోటిచ్చి, ఫోనును ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"చెప్త విను బిడ్డా" అంది. "ఓంకార్‌ది సిరిసిల్ల. వాళ్ల నాయన మగ్గం నడుపుతడు. వాడు మస్తు అల్లరోడంట. ఇంకా..." ఆమె రాజమణి వైపు తిరిగింది. "ఇంకా చెప్పు చెల్లె. చిన్నప్పుడు ఎట్లుండె?"

రాజమణి నోట్లోంచి కొంగు తీసి, ఫోను మీదికి వంగింది. వాడి చిన్నప్పటి సంగతి ఒకటి మొదలుపెట్టింది. అవతలి గొంతు ఆమెను గుర్తుపట్టలేదు, కానీ ఫోను పెట్టలేదు. వింటోంది. చీకటి పడేదాకా ఆమె కొడుకు గురించి కొడుక్కే చెబుతూ కూర్చుంది.